సూతు నుండి మైక్రాను దాకా – హైదరాబాదు విమాన పరిశ్రమ వెనుక చేతులు



2025వ సంవత్సరంలో హైదరాబాదు పేరు విమానాలతో ముడిపడి పత్రికలలో తరచుగా కనిపించింది. ఆ యేడు జూన్‌లో ఫ్రాన్సు దేశపు దసో సంస్థ, మన టాటా సంస్థ ఒప్పందం చేసుకుని రఫేల్ యుద్ధవిమానపు కాయాన్ని హైదరాబాదులో తయారు చేయిస్తామని ప్రకటించాయి. రెక్కలు, తోక, ఇంజను మినహాయిస్తే మిగిలే విమానపు మొండెమే ఈ కాయము. ఆంగ్లంలో ఫ్యూజలేజ్ అంటారు. రఫేల్ కాయము ఫ్రాన్సు వెలుపల తయారు కాబోవడం ఇదే మొదటిసారి. అదే యేడు నవంబరులో శంషాబాదు విమానాశ్రయం పక్కన సఫ్రాన్ సంస్థవారి లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది.

ఈ వార్తలన్నీ వరుసగా చదివితే, విమాన పరిశ్రమ నిన్న మొన్న విదేశాల నుండి సరాసరి దిగివచ్చి, ఔటర్ రింగు రోడ్డు పక్కన ఖాళీ స్థలం చూసుకుని కాపురం పెట్టినట్లు అనిపిస్తుంది. పునాది తవ్వినవారి పేర్లు గృహప్రవేశపు శుభలేఖలో వేయరు గదా! ఆ పునాది కథ చెప్పాలన్నదే ఈ టపా ఉద్దేశం.

నేను తెలుగు పండితుణ్ణి. సంధులూ సమాసాలూ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. లోహాలూ యంత్రాలూ నా విషయం కావు. అయినా ఈ చరిత్ర వెంట పడి చదవడానికి నా పూర్వ విద్యార్థి ఒకడు కారణం. అతని సంగతి చివర చెబుతాను.

*

ముందుగా నిజాం కాలానికి వెళ్దాం. రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1942లో హైదరాబాదు ఆల్విన్, 1943లో సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ పుట్టాయి. ఆల్విన్ లోహపు పనులు, బస్సుల బాడీలు చేసింది. తరువాత రిఫ్రిజిరేటర్లూ గడియారాలూ చేసింది. ప్రాగా యంత్ర పరికరాలను, అంటే యంత్రాలను చేసే యంత్రాలకు కావలసిన సాధనాలను తయారు చేసింది. ఇవి విమాన పరిశ్రమలు కావు. కాని ఇనుమును కొలిచి కోసే మనుషులను ఈ నగరానికి మొదట ఇచ్చినవి ఇటువంటి కర్మాగారాలే.

ఆకాశంతో నగరానికి సంబంధమూ అప్పటిదే. 1945లో నిజాం ప్రభుత్వము, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించారు. బేగంపేట నుండి దాని విమానాలు ఎగిరాయి. 1953 జాతీయీకరణలో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఇవాళ ఆదిభట్లలో టాటాల బోర్డు చూసి కొత్తగా వచ్చారనుకునేవారు ఈ ముచ్చట గుర్తుంచుకోవాలి.

అసలు మలుపు 1960లలో వచ్చింది. 1958లో ఢిల్లీలో ఒక చిన్న ఆయుధ పరిశోధక బృందంగా మొదలై, 1961లో డి.ఆర్.డి.ఎల్. అనే ప్రయోగశాలగా మారిన సంస్థ 1962లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1963లో లోహ పరిశోధనశాల డి.ఎం.ఆర్.ఎల్. వచ్చింది. 1965లో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారు బాలానగరులో విమానాల ఎలక్ట్రానిక్ పరికరాల విభాగం తెరిచారు. 1967లో ఇ.సి.ఐ.ఎల్., 1970లో భారత్ డైనమిక్స్, 1971లో అణు ఇంధన సముదాయము, 1973లో మిశ్రధాతు నిగమ్ ఏర్పడ్డాయి. పన్నెండేళ్ళలో ఇన్ని! బెంగుళూరు 1940 నుండి విమానం మొత్తంగా తయారు చేసే ఊరు. హైదరాబాదు అలా కాక లోహము, క్షిపణి, ఎలక్ట్రానిక్స్ అనే మూడు ముడులు వేసుకున్న ఊరు అయింది. ఈ భేదం తరువాతి చరిత్ర అంతటినీ నిర్ణయించింది.

*

ఇక్కడ ఒక్క నిమిషం నా వృత్తిలోకి తొంగి చూడనివ్వండి.

మిశ్రధాతు నిగమ్ అనే పేరు నాకు చాలా ఇష్టం. మా వ్యాకరణంలో ధాతువు అంటే క్రియకు మూలరూపం. దానికి ప్రత్యయం చేరితే గాని పదమై పనికిరాదు. లోహశాస్త్రంలోనూ అంతే. శుద్ధ లోహం మెత్తనిది, వట్టిది విమానానికి చాలదు. టైటేనియంలో కొద్ది పాళ్ళు అల్యూమినియం, వనేడియం చేరితేనే అది రెక్కనూ ఇంజనునూ మోసే లోహమవుతుంది. ఏ ధాతువుకు ఏ ప్రత్యయమో తెలిసినవాడు వైయాకరణి. ఏ లోహానికి ఏ పాళ్ళో తెలిసినవాడు లోహవేత్త. కంచన్‌బాగులోని ఆ కర్మాగారం 1980లలో ఉత్పత్తి మొదలుపెట్టి క్షిపణులకు, రాకెట్లకు కావలసిన మారేజింగ్ ఉక్కునూ టైటేనియం మిశ్రమాలనూ దేశంలోనే పోతపోసింది.

అట్లాగే శస్త్రము, అస్త్రము అనే భేదం. చేత పట్టి ప్రయోగించేది శస్త్రము. మంత్రించి విడిచేది అస్త్రము. భారత్ డైనమిక్స్ తొలుత ఫ్రాన్సు అనుమతితో చేసిన ఎస్.ఎస్. 11 అనే ట్యాంకు విధ్వంసక క్షిపణికి తోకన సన్నని తీగ ఉండేది. అది గాలిలో పోతున్నంతసేపూ ఆ తీగ గుండా సైనికుడు దానికి దారి చెప్పేవాడు. అంటే శస్త్రానికీ అస్త్రానికీ నడుమ ఉన్నదన్నమాట! తీగ తెంచుకుని తన దారి తాను వెతుక్కునే అస్త్రం చేయడానికి మరి కొన్నేళ్ళు పట్టింది.

*

ఆ కొన్నేళ్ళలో ఒక విఫల ప్రయత్నం ఉంది. 1972లో రష్యా క్షిపణి ఒకదానిని విప్పి చూసి అటువంటిదే చేయాలని డి.ఆర్.డి.ఎల్. పూనుకుంది. డెవిల్ అని దానికి పేరు. 1980 నాటికి క్షిపణి సిద్ధం కాకుండానే ఆ పథకాన్ని మూసివేశారు. కాని దాని కోసం కట్టిన పరీక్షా కేంద్రాలు, అది నేర్పిన ద్రవ ఇంధన ఇంజను విద్య మిగిలాయి. 1982లో అబ్దుల్ కలాం గారు ఆ ప్రయోగశాలకు సంచాలకులుగా వచ్చారు. 1983లో 388 కోట్ల రూపాయలతో సమగ్ర క్షిపణి పథకం మంజూరయింది. 1988 ఫిబ్రవరి 25న పృథ్వి, 1989 మే 22న అగ్ని ఎగిరాయి.

1987లో సంపన్న దేశాలు క్షిపణి పరిజ్ఞానం ఇతరులకు చేరకుండా ఒక కట్టడి చేసుకున్నాయి. సున్నితమైన లోహాలు, పరికరాలు, యంత్రాలు మనకు అమ్మడం దుర్ఘటమైంది. అంతరిక్ష రంగంలోనూ ఇదే గతి. రష్యా నుండి అతిశీతల క్రయోజనిక్ ఇంజను పరిజ్ఞానం తీసుకోవడానికి 1991లో కుదిరిన ఒప్పందం అమెరికా ఆంక్షల వలన 1993లో బెడిసికొట్టింది. ఇంజన్లు కొన్ని వచ్చాయి గాని విద్య రాలేదు. సొంత క్రయోజనిక్ ఇంజనుతో మన జి.ఎస్.ఎల్.వి. విజయవంతంగా ఎగిరింది 2014 జనవరి 5న. అంటే ఇరవై ఏళ్ళకు పైన.

బయట దొరకని ముక్క ఎక్కడో ఒకచోట తయారు కావాలి. ప్రయోగశాలలో గీత గీసే శాస్త్రవేత్త ఉన్నాడు. కాని గీసినదాన్ని లోహంలో దింపే చేయి కావాలి. ఆ చేయి బాలానగరులో దొరికింది.

*

బాలానగరు అంటే ఇవాళ పైవంతెన, ట్రాఫిక్ జాము. వెనుకటి తరానికి అది లేతు యంత్రాల ఊరు. 1968లో ఐక్యరాజ్యసమితి సహాయంతో కేంద్ర ప్రభుత్వం అక్కడ సి.ఐ.టి.డి. అనే సంస్థ పెట్టింది. పనిముట్లను, అచ్చులను రూపొందించే విద్య నేర్పడమే దాని పని. ఒక పక్క ఆ బడి, మరో పక్క ప్రభుత్వరంగ కర్మాగారాలు, వాటి చుట్టూ రేకుల షెడ్లలో వందలాది చిన్న కార్ఖానాలు. ప్రభుత్వ కర్మాగారంలో అప్రెంటిసుగా చేరి పని నేర్చినవాడు కొన్నేళ్ళకు ఒక పాత లేతు కొనుక్కుని సొంత షెడ్డు వేసుకునేవాడు. తన పాత కర్మాగారానికే ముక్కలు చేసి ఇచ్చేవాడు.

1970లో అక్కడే మొదలైన ఎంటార్ సంస్థ అణు విద్యుత్కేంద్రాలకు భాగాలు చేసి, పిమ్మట ఇస్రోకు వికాస్ ఇంజన్లు, క్రయోజనిక్ ఇంజన్ల భాగాలు చేసి 2021లో స్టాక్ మార్కెట్టు దాకా ఎదిగింది. టర్బైను రెక్కలు చేసే ఆజాద్ ఇంజనీరింగు కూడా బాలానగరు బిడ్డే. ఇస్రోలో పనిచేసిన పావులూరి సుబ్బారావు గారు 1992లో స్థాపించిన అనంత్ టెక్నాలజీస్ ఉపగ్రహాలకు, రాకెట్లకు ఎలక్ట్రానిక్ భాగాలు చేస్తున్నది. పేరు వచ్చినవి ఇవి. పేరు రాని షెడ్లు ఎన్నో.

ఈ పని ఎంత కష్టమో పుస్తకాలు చదివి తెలుసుకున్న మేరకు చెబుతాను. టైటేనియం వేడిని తొందరగా వదలదు. కోసేటప్పుడు పుట్టిన వేడి అంతా పనిముట్టు మొన దగ్గరే నిలిచి దాన్ని తినేస్తుంది. ఇంజన్లలో వాడే నికెల్ మిశ్రమాలు కోసినకొద్దీ పైపొర గట్టిపడి మొండికేస్తాయి. నెమ్మదిగా కోస్తే ఒక బాధ, వేగంగా కోస్తే మరొక బాధ. ఇక మన ఎండలు! కొలతలకు ప్రపంచమంతటా 20 డిగ్రీల ఉష్ణోగ్రతే ప్రమాణం. మే నెలలో 40 డిగ్రీల ఎండలో ఒక మీటరు ఉక్కు కడ్డీ 200 మైక్రాన్లకు పైగా సాగుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. రేకుల షెడ్డులో మధ్యాహ్నం సరిపోయిన ముక్క రాత్రికి సరిపోదు. అందుకే చల్లని గదిలో ముక్కను కొన్ని గంటలు ఉంచి గాని తుది కొలత తీయరు.

వీరి భాష కూడా చూడండి. గురువు ఉస్తాదు. చేతిలోని ముక్క జాబు. మా పాఠాలలో జాబు అంటే ఉత్తరం. వారికి జాబు అంటే అప్పుడు యంత్రం మీద ఉన్న లోహం. వడ్రంగి, తాపీమేస్త్రీ కొలత సూతు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. బాలానగరు పాత ఉస్తాదుల కొలత థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఈనాటి వారి కొలత మైక్రాను. ఒక సూతులో 3,175 మైక్రాన్లు! ఈ నగరపు విమాన పరిశ్రమ చరిత్రను ఒక్క వాక్యంలో చెప్పమంటే, సూతు నుండి మైక్రాను దాకా నడిచిన రెండు మూడు తరాల ప్రయాణమని చెబుతాను.

*

ఆదిభట్ల కథ ఈ ప్రయాణానికి కొనసాగింపు. 2001లో రక్షణ ఉత్పత్తిని ప్రైవేటు రంగానికి తెరిచారు. 2005 నుండి పెద్ద ఆయుధ కొనుగోళ్ళలో ఒక నిబంధన చేరింది. అప్పట్లో 300 కోట్లు దాటిన కొనుగోలులో కనీసం 30 శాతం విలువకు సమానమైన పనిని అమ్మకందారు భారతదేశంలో చేయించవలసి ఉండేది. విదేశీ సంస్థలు ఇక్కడ చోటు వెతుక్కోవడానికి ఇది ఒక ప్రధాన కారణం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలోనే ఇబ్రహీంపట్నం దగ్గర ఆదిభట్లలో విమాన పరిశ్రమలకు ప్రత్యేక వాడ వెలసింది. 2010 ప్రాంతం నుండి సికోర్‌స్కీ హెలికాప్టరు క్యాబిన్లు, లాక్‌హీడ్ మార్టిన్ సి-130జె రవాణా విమానపు తోక భాగాలు అక్కడ తయారు కాసాగాయి. 2018లో బోయింగు, టాటాల ఉమ్మడి కర్మాగారం ప్రారంభమై అపాచీ యుద్ధ హెలికాప్టరు కాయాలు చేయడం మొదలుపెట్టింది. 2021 నాటికి నూరవ కాయం వెళ్ళింది. 2018 డిసెంబరులో అదానీ, ఎల్బిట్ సంస్థల మానవరహిత విమానాల కర్మాగారం కూడా నగరంలో మొదలైంది. 2022 నవంబరు 18న స్కైరూట్ అనే హైదరాబాదు కుర్రవాళ్ళ సంస్థ విక్రమ్-ఎస్ రాకెట్టును ఎగురవేసింది. ఒక ప్రైవేటు సంస్థ చేసిన రాకెట్టు మన దేశం నుండి ఎగరడం అదే తొలిసారి.

విదేశీ సంస్థలు నగరాన్ని ఎన్నుకోవడానికి భూమి, రాయితీ, విమానాశ్రయం అన్నీ కారణాలే. అయితే భూమి ఎక్కడైనా దొరుకుతుంది. రాయితీ ఏ రాష్ట్రమైనా ఇస్తుంది. టైటేనియం స్వభావం ఎరిగిన చేతులు, ప్రతి ముక్కకూ జన్మపత్రిక వ్రాసే అలవాటు ఒక్కరోజులో రావు. విమానపు ముక్క ఏ పోతలోని లోహంతో చేసినదో, ఏ యంత్రం మీద ఎవరు కోశారో, ఎవరు కొలిచారో అన్నీ కాగితం మీద ఉండాలి. ముప్పై ఏళ్ళ తరువాత ఆ ముక్క విరిగినా వెనక్కు వెతికి పట్టుకోగలగాలి. క్షిపణులకూ ఇస్రోకూ పనిచేసిన కార్ఖానాలకు ఈ క్రమశిక్షణ అప్పటికే అబ్బింది. ఎవరూ అమ్మని రోజులలో నేర్చుకున్న విద్యే, అమ్మకందార్లు మన గుమ్మంలోకి వచ్చిన రోజున అక్కరకు వచ్చింది.

*

ఇక నా విద్యార్థి సంగతి.

1990 ప్రాంతంలో పాత మెదక్ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో పదవ తరగతికి తెలుగు చెప్పేవాణ్ణి. వడ్రంగి కొడుకు ఒకడు ఉండేవాడు. సంధి విడదీయమంటే తలవంచుకునేవాడు. ఒకనాడు నోటు పుస్తకం వెనుక అట్టపై ఏవో చక్రాలు గీస్తూ పట్టుబడ్డాడు. "నువ్వు ఐటీఐకి తప్ప దేనికీ పనికిరావురా" అని తరగతి ఎదుట అన్నాను. అందరూ నవ్వారు. ఆ కాలపు ఉపాధ్యాయులలో చాలామంది నోట ఆ మాట తిట్టుగానే వినిపించేది. నేను మినహాయింపు కాదు.

అతడు ఐటీఐలోనే టర్నరు విద్య నేర్చాడు. బాలానగరు షెడ్డులో ఒక ఉస్తాదు దగ్గర పన్నెండేళ్ళు చేశాడు. ఇప్పుడు విమాన భాగాలు చేసే ఒక కర్మాగారంలో కొలతల విభాగంలో ఉన్నాడు. నేను పదవీ విరమణ చేశాక ఒక ఆదివారం మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళు చేసే ముక్క ఒకటి చూపించరాదా అని అడిగాను. చెడిపోయిన ముక్కను కూడా బయటికి తేనివ్వరట. ఎవరూ మళ్ళీ వాడకుండా నరికేస్తారట. సంచిలో నుండి తన సొంత మైక్రోమీటరు తీశాడు. బల్లమీద ఉన్న నా శబ్దరత్నాకరం తెరిచి, ఒక్క ఆకును దాని దవడల నడుమ మెల్లగా పట్టి చూశాడు.

"సార్, మీ పుస్తకంల ఒక్క కాగితం ఎనభై మైక్రాన్లున్నది. దీంట్ల ఎనిమిదో వంతు అటుఇటు అయినా మా దగ్గర జాబు పారేస్తరు."

నా దగ్గర నూటికి ముప్పై అయిదు వస్తే ఉత్తీర్ణుడు. నేను పనికిరాడన్నవాడు నెగ్గవలసిన పరీక్ష ఇది, అదీ ప్రతిరోజూ.

ఆనాటి మాట గుర్తుందా అని ఎలాగో అడిగేశాను. అతడు నవ్వి, "మీరు చెప్పినట్టే పోయిన గద సార్" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. అందుకే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వెళ్ళేముందు మరొక మాట చెప్పాడు. తన ఉస్తాదు పోయాడట. ఆ షెడ్డు స్థలంలో ఇప్పుడు అపార్టుమెంటు లేచిందట. తనతో పనిచేసే కుర్రవాళ్ళు చాలామంది కాంట్రాక్టు మీద వస్తారట; చేయి కుదిరేలోగానే వెళ్ళిపోతారట. సొంత కొడుకును మాత్రం సాఫ్టువేరులో వేశాడట. "ఈ పనిల మర్యాద లేదు సార్" అన్నాడు. ఆ మర్యాద లేకుండా చేసినవారిలో నేనొకణ్ణి గనుక జవాబు చెప్పలేకపోయాను.

ఆల్విన్ ఇవాళ ఒక కాలనీ పేరు, ఒక కూడలి పేరు. ఆ కర్మాగారంలో చెమటోడ్చినవారిలో బతికి ఉన్నవారు చాలామంది వృద్ధులయ్యారు. శాస్త్రవేత్తల జీవిత చరిత్రలు నా అలమరలో ఉన్నాయి. ఫిట్టరు, టర్నరు, వెల్డరు వ్రాసుకున్న పుస్తకం నా అలమరలో ఒక్కటీ లేదు. రాకెట్టు ఎగిరిన రోజున టీవీలో చప్పట్లు కొట్టే గది కనిపిస్తుంది. దాని ఇంజను ముక్కను రాత్రి రెండు గంటలకు చల్లారబెట్టి కొలిచిన మనిషి కనిపించడు.

కనుక ఒక మనవి. మీ నాన్నగారో, మామగారో, పక్కింటి పెద్దాయనో బాలానగరులో, కంచన్‌బాగులో, సనత్‌నగర్‌లో, కాటేదాన్‌లో పనిచేసి ఉంటే ఒక సాయంత్రం వారి దగ్గర కూర్చోండి. మొదటి జీతం ఎంత, ఉస్తాదు ఎవరు, మొదటిసారి చెడగొట్టిన జాబు ఏది అని అడగండి. వారి మాటలలోనే వ్రాసి మీ బ్లాగులో పెట్టండి. వ్యాకరణం నేను దిద్దను. నా విద్యార్థిని కూడా అడిగాను. "నాకు రాయరాదు గద సార్" అన్నాడు. నువ్వు చెప్పు, నేను వ్రాస్తానని మాట ఇచ్చాను. వచ్చే ఆదివారం వస్తానన్నాడు.